చెంచాడు పాకం, మంత్రిగారి కన్నీళ్ళు

ప్రజారోగ్య, సంయమన శాఖ మంత్రివర్యులు శ్రీ తిహోమిర్ రకిజిచ్ గారు కేవలం సంకల్పబలంతో నలభై ఆరు కిలోలు తగ్గారని మార్చి నెల మొదటి సోమవారం ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది. ప్రకటనతో పాటు రెండు ఫొటోలు విడుదల చేశారు. మొదటి ఫొటోలో మంత్రిగారు సోఫాలో కూర్చున్నారు, సోఫా కనపడదు. రెండో ఫొటోలో అదే సోఫా, ఆయన పక్కన ఇంకో ఇద్దరు ఓటర్లు కూర్చునేంత చోటు.

"ఏ మందూ మింగలేదు. ఏ కత్తికీ ఒళ్ళు అప్పగించలేదు. ఆకలేసినప్పుడల్లా దేశాన్ని తలచుకున్నాను" అని మంత్రిగారు విలేకరులకు చెప్పారు. ఆ మాట రాసుకోని విలేకరి లేడు.

సరిగ్గా అప్పుడు మంత్రిత్వ శాఖ క్యాంటీన్ వంటగదిలో స్టామెంక ఉడకబెట్టిన చేపను మెత్తగా రుబ్బి, జల్లెడ పట్టి, ముల్లు లేదని వేలితో చూసుకుంటోంది. అది దేశాన్ని తలచుకున్న మంత్రిగారి మధ్యాహ్న భోజనం. కాఫీ చెంచాతో ఐదు చెంచాలు. ఆరో చెంచా పడితే ఆయన మేజా అంచు పట్టుకుని, కళ్ళు తేలేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పావుగంట కూర్చుంటారు. చూసినవాళ్ళు విధాన నిర్ణయం ఏదో ఆలోచిస్తున్నారనుకుంటారు.

స్టామెంక ఆ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్ళుగా వండుతోంది. ఏడుగురు మంత్రుల్ని చూసింది. వాళ్ళందరిలోకీ తిండికి విలువ తెలిసినవాడు తిహోమిర్ గారే. మొదటి ఎన్నిక ఆయన గెలిచిందే పళ్ళెం మీద. ఏ ఊళ్ళో ఎవరు పిలిచినా వెళ్ళి కూర్చుని, మాంసం కూరిన కాబేజీ చుట్టలు డజను తిని, కాల్చిన గొర్రెపిల్ల వచ్చాక అసలు భోజనం మొదలుపెట్టేవారు. మారు వడ్డించమని అడిగి మరీ తినే నాయకుణ్ణి ఓడించే ధైర్యం మొరావా లోయలో ఏ ఇల్లాలికి ఉంటుంది?

అలాంటి మనిషి నిరుడు సెప్టెంబరులో అధ్యయన యాత్ర అని తొమ్మిది రోజులు పొరుగు దేశం వెళ్ళారు. తిరిగొచ్చాక స్టామెంకను గదికి పిలిచి, తలుపు వేయించి, ఒక కాయితం చేతిలో పెట్టారు. మొదటి వారం వడకట్టిన చారు. రెండో వారం పాలు, పల్చని జావ. మూడో వారం నుంచి మెత్తగా రుబ్బినవి. ఏ ముద్దయినా పాతికసార్లు నమలాలి. తిండికి అరగంట ముందూ అరగంట తర్వాతా చుక్క నీళ్ళు తాగకూడదు. పంచదార తగలకూడదు, తగిలితే తిప్పలు. అది ఏదో యోగసాధన అని ఆయన చెప్పారు.

స్టామెంక తల ఊపింది. కాయితం చదవాల్సిన అవసరం కూడా ఆమెకు రాలేదు. అచ్చం అలాంటి కాయితమే మూడేళ్ళుగా ఆమె ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉంది. కడుపును కోడిగుడ్డంత చేసి పేగుకు ముడివేసే ఆపరేషన్ కోసం పేరు రాయించుకున్నప్పుడు ప్రభుత్వాసుపత్రి వాళ్ళు ఇచ్చారు. ఆమె బరువు నూట నలభై ఒకటి. షుగరు ఉంది. మోకాళ్ళు అరిగిపోయాయి, బరువు తగ్గందే మోకాళ్ళ జోలికి రానని ఎముకల డాక్టరు చెప్పేశాడు. రోజుకు పది గంటలు పొయ్యి ముందు నిలబడే మనిషికి మోకాళ్ళు లేకపోతే ఉద్యోగం లేనట్టే. పేరు రాయించుకున్నప్పుడు ఆమె నంబరు రెండు వందల పదిహేడు. ఇప్పుడు ఒకటి. ఈస్టర్ వెళ్ళాక వచ్చే గురువారం ఆమె వంతు.

ఆ వరస సవ్యంగా నడిచిందంటే ఆ పుణ్యం కూడా మంత్రిగారిదే. పదవిలోకి వచ్చిన మొదటి నెలలోనే ఆయన ఒక ఉత్తర్వు జారీ చేశారు. వెయిటింగ్ లిస్టులో వరస తప్పి ఆపరేషన్ చేసిన డాక్టరుకు లైసెన్సు రద్దు. ముందు నంబరు పూర్తికానిదే వెనక నంబరు కదలకూడదు. తాను చేసిన రూలును తానే ఎలా తప్పుతారు? అందుకే పొరుగు దేశం వెళ్ళి, సొంత ఖర్చుతో చేయించుకొచ్చారు. ఇంతటి చట్టభక్తి మన నాయకుల్లో ఎంతమందికి ఉంది?

స్టామెంక ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. ఇక్కడ కడుపు ఆయనది, పడేది మాత్రం ఆమె ఉద్యోగం మీద.

పైగా ఆ మనిషి అవస్థ చూస్తుంటే జాలేసేది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ప్రభుత్వ విందుల్లో ఆయన ముందు పందిమాంసం పొగలు కక్కుతూ ఉండేది, ఆయన చెంచాడు పెరుగు నములుతూ ఉండేవారు. ఒక శుక్రవారం పొయ్యిలోంచి రొట్టెలు తీస్తుంటే వాసనకు వంటగదిలోకి వచ్చారు. వేడి రొట్టె మొన విరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. రొట్టె ఆయనకు దిగదు, గొంతు కింద ముద్ద కట్టి కూర్చుంటుంది.

"నువ్వు తిను స్టామెంకా. తిని ఎలా ఉందో చెప్పు" అన్నారు.

ఆమె తింది. "పై పొర కరకరలాడుతోంది మంత్రిగారూ. లోపల ఉప్పు కొంచెం తక్కువైంది."

మంత్రిగారి కళ్ళలోంచి నీళ్ళు జారాయి. చుట్టుపక్కల కెమెరా లేదు. స్టామెంక అటు తిరిగి గిన్నె తోమింది. ఆయన పదవీకాలంలో కార్చిన కన్నీళ్ళలో సొంతవి అవే అని ఆమెకు తర్వాత అర్థమైంది.

మిగతా కన్నీళ్ళ చరిత్ర డోన్యా వర్బా అనే ఊళ్ళో మొదలైంది. మార్చి నెలాఖరుకు నది పొంగి ఆ ఊరిని ముంచేసింది. మంత్రిగారు పరామర్శకు వెళ్ళారు. ఫ్లాస్కులో చిక్కుడు గింజల వడపోత చారు పట్టుకుని స్టామెంక వెనక కారులో వెళ్ళింది. జివానా అనే ముసలమ్మ ఇంట్లో నడుం లోతు బురద. కోళ్ళన్నీ పోయాయి. అటక మీద ఒక్క సీసా మిగిలింది. అందులో తెల్ల చెర్రీల పాకం, ఇక్కడి వాళ్ళు స్లాట్కో అంటారు. గడప లోపల కాలుపెట్టిన వాడు శత్రువైనా సరే, ట్రేలో పాకం సీసా, చెంచా, గ్లాసుడు నీళ్ళు పట్టుకొస్తారు. ఒక చెంచా తిని, నీళ్ళు తాగి, చెంచా గ్లాసులో వేయాలి. వద్దన్నవాడు ఆ ఇంటికి కీడు కోరినట్టే.

"తిను నాయనా. మా ఇంట్లో ఇంకేం మిగల్లేదు" అంది జివానా.

చుట్టూ ఆరు కెమెరాలు. మంత్రిగారు స్టామెంక వైపు చూశారు. స్టామెంక వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. మింగలేక కక్కలేక అని మనం ఊరికే అంటుంటాం. ఆ పూట ఆయన మొహంలో ఆ మాట కనపడింది. చెంచాడు తిన్నారు, నీళ్ళు తాగారు, చెంచా గ్లాసులో వేశారు.

పద్దెనిమిది నిమిషాల తర్వాత గట్టు మీద మాట్లాడుతుండగా ఆయన మొహం పాలిపోయింది. నుదురంతా చెమట. చేతులు వణికాయి. గుండె దడదడలాడుతుంటే ఇసక బస్తా మీద కూలబడి, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి జివానా చెయ్యి పట్టుకున్నారు. కడుపులో పేగు మెలిపెట్టి కళ్ళవెంట నీళ్ళు ధారగా కారాయి.

"ఏడవకు నాయనా, పోయింది కోళ్ళే కదా" అని ముసలమ్మ ఓదార్చింది.

మర్నాడు పేపర్లన్నీ ఆ ఫొటోనే వేశాయి. 'ప్రజల కోసం వణికిన చెయ్యి' అని ఒకరు, 'మనకూ ఒక మనసున్న మంత్రి' అని ఇంకొకరు. వారంలో ఆయన ప్రజాదరణ పదకొండు శాతం పెరిగింది.

మంత్రిగారి ప్రచార సలహాదారు రెల్యా అనే కుర్రాడు. ముప్ఫై ఏళ్ళు లేవు, సాక్సు వేసుకోడు. తెలివైనవాడు. ఫొటో పడిన సాయంత్రమే వంటగదిలోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"పిన్నీ, నిజం చెప్పు. ఆయన ఏడ్చింది ముసలమ్మను చూసా, పాకం తినా?"

"పాకం తిని" అంది స్టామెంక.

"ఎంత తిన్నాడు?"

"చెంచాడు."

"రెండు తింటే?"

స్టామెంక పొయ్యి మీది గిన్నె దించింది. రెల్యా సెల్‌ఫోన్లో ఏదో రాసుకున్నాడు.

అప్పట్నుంచి పద్ధతి ఏర్పడింది. స్టామెంకకు పూలు కుట్టిన ఏప్రన్ ఒకటి కొన్నారు. మంత్రిగారు ఏ సభకు వెళ్ళినా సంప్రదాయ పరిరక్షణ పేరుతో ఆమె ట్రే పట్టుకుని ఎదురెళ్ళాలి. బాలవాడి ప్రారంభోత్సవానికి అర చెంచా. గనిలో ప్రమాదానికి ఒకటి. వరదకు రెండు. పార్టీలో ఎదుటి వర్గం వాడి సంతాపసభకు ఖాళీ చెంచా. కన్నీళ్ళు పదకొండింటి వార్తలకు అందాలంటే పది నలభై రెండుకి చెంచా నోట్లో పడాలి. సభ అయ్యాక మంత్రిగారు కారు వెనక సీట్లో మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని ముప్పావుగంట మూలిగేవారు. దేశసేవలో ఇంత నొప్పి పడిన మంత్రి మరొకరు లేరని చెప్పడంలో అతిశయోక్తి ఏమీ లేదు.

స్టామెంక గూట్లో రెండు సీసాలు ఉండేవి. ఎర్ర మూతది మంత్రిగారిది, పంచదార పాకం. నీలి మూతది ఆమెది, షుగరు రోగుల కోసం మందుల షాపులో అమ్మే తీపి పొడితో చేసుకున్నది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

ఏప్రిల్ రెండో వారంలో 'సంకల్పమే చికిత్స' పథకం సిద్ధమైంది. మంత్రిగారే నలభై ఆరు కిలోలు ఉత్త మనోబలంతో తగ్గినప్పుడు, సామాన్యుడి కడుపు కోయడానికి ప్రభుత్వం ఎందుకు ఖర్చుపెట్టాలి? ఆపరేషన్ల లిస్టు రద్దు. పేరున్న ప్రతి వ్యక్తికీ మంత్రిగారి సంతకంతో ఒక ప్రోత్సాహక కార్డు. డ్రాఫ్టు కాపీలకు క్యాంటీన్ మేజా మీదే పిన్నులు కొట్టారు. స్టామెంక కాఫీ పోస్తూ చదివింది. ఆమె గురువారానికి ఇంకా పన్నెండు రోజులు ఉంది.

మధ్యాహ్నం చేప గుజ్జు తీసుకెళ్ళినప్పుడు ఆమె అక్కడే నిలబడింది.

"మంత్రిగారూ, ఆ లిస్టులో మొదటి పేరు నాది."

మంత్రిగారు పద్నాలుగోసారి నములుతున్నారు. పాతిక పూర్తయ్యేదాకా ఆగాలి. ఆగింది.

"సంకల్పం ఉండాలి స్టామెంకా" అన్నారు మింగాక. "నన్ను చూడు."

"చూస్తూనే ఉన్నానండీ. ఏడు నెలలుగా రుబ్బుతున్నాను."

"అయితే నీకింకా తేలిక. పక్కనే ఆదర్శం ఉంది."

ఆమె ఖాళీ గిన్నె తీసుకుని వచ్చేసింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ వడ్డించేది స్వయంగా తానే, కూర్చున్నదీ మొదటి బంతిలోనే, అయినా విస్తరి లాగేస్తున్నారు. ఆమెకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి నిద్రపోకుండా ఫ్రిజ్ మీది కాయితాన్ని మళ్ళీ మొదట్నుంచి చివరిదాకా చదివింది.

పథకం ప్రకటన క్యాంటీన్‌లోనే పెట్టారు. ప్రజల భోజనశాల నుంచి ప్రజలతో ముఖాముఖి, లైవ్. లిస్టులోంచి నలభైమందిని పిలిపించారు. రెల్యా చేతులున్న కుర్చీలు తెప్పించాడు. వాటిలో ఒక్కరూ పట్టలేదు. నలభైమందీ గోడకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళ బాధ చూసి మంత్రిగారు కంటతడి పెడతారు, ఆ తడి ఆరకముందే లిస్టు రద్దు చదువుతారు. ఇదీ వరదంత కష్టమే కాబట్టి రెండు చెంచాలని రెల్యా లెక్క చెప్పాడు.

పది నలభై రెండుకి స్టామెంక ఏప్రన్ కట్టుకుని, ట్రే పట్టుకుని, కుంటుకుంటూ వచ్చింది. మంత్రిగారు రెండు చెంచాలు తిన్నారు, నీళ్ళు తాగారు, చెంచా గ్లాసులో వేశారు.

పదకొండయింది. మంత్రిగారు భేషుగ్గా ఉన్నారు. బుగ్గలు గులాబీ రంగులో ఉన్నాయి.

"మీ కష్టం చూస్తుంటే నా గుండె తరుక్కుపోతోంది" అన్నారు, ఎంతో ఆరోగ్యంగా.

పదకొండు దాటి నాలుగు నిమిషాలు. గోడకు ఆనుకున్న వాళ్ళలోంచి ఓబ్రెన్ అనే మాజీ గని కార్మికుడు గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, డోన్యా వర్బాలో కోళ్ళు పోతే ఏడ్చారు కదా. నేను మూడేళ్ళుగా మెట్లెక్కలేదు. మా ఆవిడ కింద గదిలోనే మంచం వేసింది. మా కోసం ఎందుకో ఏడుపు రావట్లేదు మీకు."

కెమెరా మంత్రిగారి మొహం మీద ఆగింది. ఆయన కళ్ళు గట్టిగా మూసి తెరిచారు. పొడిగా ఉన్నాయి. రెల్యా వంటగదిలోకి పరిగెత్తాడు.

"ఏం పెట్టావు పిన్నీ ఆయనకి?"

"డాక్టరు కాయితంలో ఉన్నదే పెట్టాను. పంచదార తగలకూడదని ఉంది."

"ఇవాళే గుర్తొచ్చిందా నీకు కాయితం?"

"మూడేళ్ళుగా మా ఫ్రిజ్ మీద ఉంది బాబూ. కంఠతా వచ్చు."

రెల్యా ఆమెను తేరిపార చూశాడు. ఆమె బరువు, మోకాళ్ళు, కాయితం, అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. తెలివైనవాడని ముందే చెప్పుకున్నాం.

"ఏం కావాలి?"

"లిస్టు ఉండాలి."

"అది క్యాబినెట్ నిర్ణయం పిన్నీ."

"పాకం నా నిర్ణయం."

బయట ఓబ్రెన్ రెండో ప్రశ్న మొదలుపెట్టాడు. రెల్యా చీటీ మీద రెండు వాక్యాలు రాసి పరిగెత్తాడు. మంత్రిగారు చీటీ చూశారు, రెల్యాను చూశారు, కెమెరాను చూశారు.

"ఆపరేషన్ల లిస్టును ప్రభుత్వం రద్దు చేస్తుందంటూ కొన్ని దుష్టశక్తులు పుకారు లేపాయి" అన్నారు గంభీరంగా. "నేను బతికుండగా ఆ లిస్టులో ఒక్క పేరు చెరగదు."

గోడ దగ్గర్నుంచి చప్పట్లు లేచాయి. స్టామెంక అప్పుడు ఎర్ర మూత తీసింది. ట్రే పట్టుకుని మళ్ళీ కెమెరాల ముందుకు వెళ్ళింది. సంప్రదాయం ప్రకారం మారు వడ్డన అని రెల్యా లైవ్‌లో వివరించాడు. మంత్రిగారు రెండు చెంచాలు తిన్నారు.

అయితే పాకం తన టైము తాను తీసుకుంటుంది. పద్దెనిమిది నిమిషాలు. లైవ్ ఆపడానికి లేదు. ఏడవకుండా వెళ్ళిపోయిన మంత్రి అని రాస్తారు. మాట్లాడుతూ ఉండమని రెల్యా చేత్తో సైగ చేశాడు. రాసుకొచ్చిన ప్రసంగమంతా రద్దు గురించే కాబట్టి మంత్రిగారు చేతికందింది హామీ ఇవ్వడం మొదలుపెట్టారు. మూడో నిమిషంలో ప్రతి ఆస్పత్రికీ చేతుల్లేని కుర్చీలు ప్రకటించారు. ఆరో నిమిషంలో వెడల్పు మెట్లు. తొమ్మిదో నిమిషంలో ఓబ్రెన్ ఇంటికి లిఫ్టు. పన్నెండో నిమిషానికి మొరావా నది మీద రెండో వంతెన కూడా ఇచ్చేశారు. పదిహేనో నిమిషానికి ఇవ్వడానికి దేశంలో ఏమీ మిగల్లేదు. నుదుటి మీద మొదటి చెమట చుక్క మెరిసింది, కళ్ళు ఇంకా తడి కాలేదు.

"నేను మీలో ఒకణ్ణి కానా?" అన్నారు మంత్రిగారు బల్ల అంచు పట్టుకుని. "మీ వరసలో నిలబడే అర్హత నాకు లేదా? రాయండి. ఆ లిస్టులో నా పేరూ రాయండి. అందరికంటే ముందు రాయండి."

ఆ క్షణానే పేగు మెలిపడింది. కన్నీళ్ళు జలజలా రాలాయి. ఓబ్రెన్ వెళ్ళి ఆయన్ను పొదివి పట్టుకుని తనూ బావురుమన్నాడు. నలభైమంది ఏడ్చారు, కెమెరామన్ ఏడ్చాడు, రెల్యా టైము చూసుకున్నాడు. వంటగదిలో స్టామెంక కూడా ఏప్రన్ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. లిస్టు బతికింది. మూడేళ్ళలో ఆమెకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఆ సంతోషంలో చివరి మాటలు ఆమె సరిగ్గా వినిపించుకోలేదు.

ఈస్టర్ వెళ్ళింది. గురువారం పొద్దున్నే సంచిలో నైటీ, చెప్పులు, సబ్బు పెట్టుకుని స్టామెంక ప్రభుత్వాసుపత్రికి వెళ్ళింది. కౌంటర్లో నదా అనే గుమస్తా రిజిస్టరు తిప్పి చూసింది.

"మీది రెండో నంబరండీ."

"ఒకటి కదమ్మా. నెల నుంచీ ఒకటే."

"పోయిన వారం మారింది. పైనుంచి ఉత్తర్వు."

"మరి ఒకటో నంబరు ఎవరు?"

నదా తల ఎత్తి, గోడ మీది ఫొటో వైపు చూసింది. రెండో ఫొటో అది, సోఫాలో చోటున్నది.

"ఆయనకి ఎప్పుడు చేస్తారు?" అంది స్టామెంక.

"మేం ఫోన్ చేశామండీ. ఆయన రానన్నారు. 'నాకు ప్రత్యేక మర్యాద వద్దు, మామూలు పౌరుడిలా ఓపిగ్గా ఎదురు చూస్తాను, నన్ను తొందరపెట్టకండి' అన్నారు. చాలా మంచి మనిషండీ."

"ఆయన్ని వదిలేసి నన్ను పిలవచ్చుగా."

"అమ్మో, వరస తప్పితే డాక్టరుగారి లైసెన్సు పోతుంది. ఆయనది కానివ్వండి, వెంటనే మీరే."

స్టామెంక సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. కొత్త బెంచీ, చేతుల్లేనిది. ఆమె వెనక నంబర్ల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పక్కన సర్దుకుంటున్నారు. ఓబ్రెన్ వచ్చి నమస్కారం పెట్టాడు. ఆమె ఫోన్ మోగింది. రెల్యా.

"పిన్నీ, రేపు ట్రే పట్టుకుని ప్రభుత్వాసుపత్రికి రావాలి. లిస్టు కదలట్లేదని రిపోర్టు వచ్చింది. మంత్రిగారు చాలా బాధపడుతున్నారు, స్వయంగా పరామర్శకు వస్తున్నారు. ఎర్ర మూతది తీసుకురా, రెండు చెంచాలు."

స్టామెంక బెంచీ మీద వాళ్ళందర్నీ ఓసారి చూసింది.

"ఏడుపు ఎన్నింటికి బాబూ?"

"పదకొండింటికి."